చీపురు బండి

ఏడాదిలో ఒక్క ఆదివారం ఆ బండికి చీపురు కడతారు. మాటవరసకి కాదు, నిజం చీపురే. వెనక తలుపు గొళ్ళేనికి నిలువుగా ఆనించి, తాడుతో బిగించి, దూరానికి కనబడాలని కొసకి ఎర్రగుడ్డ చుడతారు. మిగతా రోజులన్నీ అది ఆసుపత్రి బట్టల బండి. వార్డుల్లో మాసిన దుప్పట్లూ, దిండు గలీబులూ, ఆపరేషన్ గది గౌన్లూ మూటలుగా ఎక్కించుకుని ఊరి చివరనున్న లాండ్రీకి పోవడం, అక్కణ్ణుంచి ఉతికి ఇస్త్రీ చేసిన దొంతరలు తెచ్చి ఏ అంతస్తువి ఆ అంతస్తులో దించడం దాని ఉద్యోగం. దాన్ని నడిపే ఆయన ఉద్యోగమూ అదే. ఆసుపత్రిలో ఆయన్ని బట్టలాయన అంటారు. చీపురు కట్టిన రోజున మాత్రం చీపురాయన అంటారు. వినడానికి ఏమంత గొప్పగా లేకపోయినా ఆయనకి ఆ రెండో పేరే ఇష్టం. ఆ రోజు సెలవు పోతుంది, పైన ఒక్క పైసా రాదు, అయినా పిలవడం ఆలస్యం, తయారు.

ఆ ఆదివారం పిల్లల వార్డు కోసం జనం సైకిళ్ళు తొక్కుతారు. తొక్కేవాళ్ళ తరఫున వాళ్ళ చుట్టాలూ స్నేహితులూ వార్డుకి విరాళాలిస్తారు. తేలిగ్గా ఏం కాదు. ఊరు అయిపోయి కొండలు మొదలయ్యే అంచు పట్టుకుని, ఊరంతా ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఆసుపత్రి గేటు దగ్గరికి రావాలి. తెల్లారుతూనే బయల్దేరితే గట్టివాళ్ళు మధ్యాహ్నానికి వస్తారు, మామూలువాళ్ళు సాయంత్రానికి, మరీ మామూలువాళ్ళు చీపురు బండిలో. దారిలో ఎక్కాల్సిన కొండలకి తొక్కేవాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. మొదటిది పలకరింపు. మధ్యలో ఒకటుంది, దాని పేరు అత్తగారు. అయిపోయిందనుకున్న చోట మళ్ళీ మొదలవుతుందని అలా పెట్టారు. అత్తగార్లు కూడా ఆ సైకిళ్ళ మీద ఉంటారు గనక ఆ పేరు కాస్త గొంతు తగ్గించి చెప్పుకుంటారు. అన్నిటికన్నా చివరిది, ఊరికి నీళ్ళిచ్చే పెద్ద ట్యాంకు ఉన్న కొండ. దానికి పేరు పెట్టే ఓపిక ఎవరికీ మిగల్లేదు. ట్యాంకు అంటారు, అంతే.

అందరికన్నా వెనకపడ్డ సైకిలు వెనక చీపురు బండి నడుస్తుంది, రోడ్డు మీద మిగిలినవాళ్ళని ఊడ్చుకొస్తుంది గనకే దానికి ఆ చీపురు. ఇక తొక్కలేమనుకున్నవాళ్ళు చెయ్యెత్తితే ఆపి, సైకిలు వెనక పెట్టి, మనిషిని ముందు కూర్చోబెట్టి, ఉతికిన తువ్వాలొకటి చేతికిచ్చి, గేటు దాకా తీసుకెళ్ళాలి. మొదటి ఏడాది ఆయనకి ఈ పని కిటుకు తెలీదు. బొత్తిగా నీరసపడి కొండెక్కుతున్న ఒక టీచరమ్మ పక్కకి బండి తెచ్చి, ఎక్కుతారా అమ్మా అని అడిగాడు. మంచికే అడిగాడు. ఆవిడ ఎక్కింది గానీ దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. దిగేటప్పుడు, మీరు అడక్కుండా ఉంటే ఇంకాస్త తొక్కేదాన్నేమో అంది. ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. ఆ తరవాత ఎవర్నీ అడగలేదు. వాళ్ళంతట వాళ్ళు చెయ్యెత్తేదాకా కాస్త దూరం ఉంచి, హారన్ కొట్టకుండా, వాళ్ళు తల తిప్పి చూసినా తొందరపెట్టనట్టు కిటికీలోంచి పక్కకి చూస్తూ నడిపేవాడు. ఈ పద్ధతికి ఆయన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. పెద్ద డాక్టరు ఒకసారి మైకులో కూడా చెప్పాడు.

పద్ధతి అనేది మహా మంచిది. మనం చెయ్యదలుచుకోని పనులన్నిటికీ అది గొడుగు పడుతుంది.

చీపురాయనకి ఒక అన్న ఉన్నాడు. తాళాలాయన. ఊరికి ఆ పక్కన ఒక మనిషి మాత్రమే పట్టే షాపు, గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. మారు తాళంచెవులు చెయ్యడం, పోగొట్టుకున్న వాళ్ళ తలుపులు తియ్యడం ఆయన వృత్తి. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది ఆయనే. పెంచడమంటే కూర్చోబెట్టి బుద్ధులు చెప్పడం కాదు, చొక్కా గుండీలు పెట్టడం దగ్గర్నుంచి. సైకిలు నేర్పిందీ ఆయనే. సీటెక్కితే కాళ్ళందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కే వయసు. అన్న సీటు పట్టుకుని వెనకే పరిగెత్తేవాడు. "వెనకే ఉన్నాను, చూడకు. చూస్తే పడతావు" అని ఒకటే పాట. ఒకరోజు ఆ గొంతు మరీ సన్నగా వినబడుతోందేమిటా అని తమ్ముడు తిరిగి చూశాడు. అన్న వీధి ఆ చివర నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వెనకే ఉన్నాను అని అరుస్తున్నాడు. తమ్ముడు చూశాడు, పడ్డాడు. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

అలాంటి అన్నదమ్ములు ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఆస్తి తగాదా అనుకుంటారేమో, పంచుకోవడానికి వాళ్ళ దగ్గర అంత ఆస్తి ఏనాడూ లేదు. తమ్ముడు సొంతంగా రెండు గదులు కట్టుకుని, తెలిసినవాళ్ళందర్నీ భోజనానికి పిలిచాడు. మొదటి పంక్తిలో తన పక్కన అన్న కూర్చోవాలని ముచ్చటపడ్డాడు. అన్న రాలేదు. విస్తళ్ళ ముందు జనాన్ని కూర్చోబెట్టి ఎంతసేపు ఆపుతారు, వడ్డించేశారు. అందరూ లేచి చేతులు కడుక్కుంటుంటే అన్న గుమ్మంలో కనబడ్డాడు, చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. తమ్ముడికి అప్పటిదాకా ఎదురుచూసిన ఉక్రోషం. నలుగురిలో నవ్వుతూనే అన్నాడు.

"రా అన్నయ్యా రా. చేతులు కడుక్కోవడానికి సరిగ్గా వేళకొచ్చావు."

నలుగురూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. చేతిలో ఉన్న కాగితం పొట్లం మరదలి చేతికిచ్చి, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళాడు. ఆ రావడం మళ్ళీ రాలేదు. పొట్లంలో కొత్త తలుపుకి తాళం ఉంది, అన్న తన చేత్తో చేసినది, రెండు తాళంచెవులతో సహా.

ఎందుకు ఆలస్యమైందో మర్నాడు వదిన ఫోనులో తమ్ముడి భార్యకి చెప్పింది. ఎవరింట్లోనో పసిపిల్ల స్నానాలగదిలోకి పోయి గడియ వేసుకుందట, లోపల కుళాయి తిప్పేసిందట, తల్లి వీధిలో నిలబడి ఏడుస్తోందట. భోజనానికి పోతున్న మనిషి అక్కడ ఆగాడు. ఆగకపోతే మనిషే కాదు. ఇదంతా ఆ సాయంత్రానికల్లా భార్య నోట తమ్ముడికి తెలిసింది. లేచి వెళ్ళి, తప్పయింది అన్నయ్యా అంటే పోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆలస్యం ఎందుకైందో ఆయనే చెప్పచ్చుగా అని తమ్ముడి బెట్టు. ఎందుకు ఆలస్యమైందని వాడు అడగచ్చుగా అని అన్న బెట్టు అయి ఉంటుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవడానికి ఎవరైనా కాస్త వంగితే గదా తెలిసేది.

తోడికోడళ్ళు మాత్రం ఒక్క వారం కూడా మాటలు మానలేదు. చీపురాయన భార్య లాండ్రీలోనే చిరుగులు కుట్టే విభాగంలో పని చేస్తుంది. మధ్యాహ్నం డబ్బా తెరిచే వేళకి ఫోను చెవికి ఆనించుకుని, అక్కయ్యా అని మొదలెడుతుంది. ఆ ఇంట్లో కూర ఏమిటో ఈయనకి తెలుసు, ఈ ఇంట్లో జ్వరం ఎవరికో ఆయనకి తెలుసు. తెలియనట్టు ఉండటమే ఇద్దరి పనీ. మీ అన్నదమ్ములిద్దరూ నోటికి తాళం వెయ్యడంలో దిట్టలు, ఆయనకంటే అది వృత్తి, మీకేం వచ్చింది అని భార్య దెప్పేది. ఈయన వినబడనట్టు బయటికి వెళ్ళిపోయేవాడు. ఇంటికి తాళం వెయ్యాల్సి వచ్చినప్పుడు మాత్రం అన్న ఇచ్చిన తాళమే వేసేవాడు.

అలా మాటల్లేని ఆరో ఏడాది, చీపురు కట్టే ముందురోజు భార్య అన్నం వడ్డిస్తూ చెప్పింది, బావగారు కూడా రేపు తొక్కుతున్నారట అని. ఈయన చెయ్యి ఆగింది. షాపుకీ ఇంటికీ, తాళం పోయిన వాళ్ళ ఇళ్ళకీ తప్ప ఆ మనిషి సైకిలెక్కి ఎరగడు. పైగా వయసు అరవై దాటింది. ఈ వయసులో ఆయనకి కొండలెందుకు అన్నాడు. నన్నడుగుతారేం, ఆయన్నే అడగండి అంది భార్య. ఈయన మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర రంగురంగుల బనీన్లూ, సన్నటి చక్రాల సైకిళ్ళూ, హెల్మెట్లూ మెరిసిపోతుంటే వాటి మధ్య అన్న పాత నల్ల సైకిలు కనబడింది. అదే బరువు సైకిలు. వెనక క్యారేజీ మీద ఎప్పుడూ ఉండే పనిముట్ల పెట్టె విప్పేశాడు. పెట్టె ఉన్న మేర రంగు ఎండకి మాయకుండా కొత్తగా ఉంది. అన్న చొక్కా వీపుకి నంబరు గుడ్డ పిన్నీసులతో పెట్టుకున్నాడు, అది కాస్త వంకరగా ఉంది. వదిన పెట్టి ఉంటే అలా ఉండదు. చీపురాయన బండిలోంచి దిగలేదు. అద్దం తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

పలకరింపు కొండ దగ్గరికి వచ్చేసరికే అందరూ ముందుకి వెళ్ళిపోయారు, అన్న ఒక్కడే మిగిలాడు. ఇక ఆ రోజంతా ఆ ఇద్దరిదే. ముందు నల్ల సైకిలు, వెనక నడక వేగంతో బట్టల బండి. గూళ్ళలో దొంతరలుగా పేర్చిన తువ్వాళ్ళ సబ్బు వాసన, కిటికీలోంచి ఎండు గడ్డి వాసన, ఎదురుగా వంకర నంబరు. అన్న తొక్కే తీరు మారలేదు. కుడి మోకాలు కొంచెం బయటికి పెట్టి, తొక్కిన ప్రతిసారీ భుజం ఆ పక్కకి దించుతాడు. దిగుడులో కూడా కాళ్ళు ఆపడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తే పడతావని నేర్పినవాడు తను మాత్రం ఎందుకు చూస్తాడు.

పలకరింపు మీద ఆయన దిగి, సైకిలు నడిపించుకుంటూ ఎక్కాడు. చెయ్యెత్తుతాడేమోనని తమ్ముడు కాలు బ్రేకు మీద పెట్టి ఉంచాడు. ఎత్తలేదు. పైకి చేరాక రాయి మీద కూర్చుని నీళ్ళు తాగాడు, చాలాసేపు కూర్చున్నాడు. అలసిపోయినవాడిలా కాక, ఎవరి కోసమో ఆగినవాడిలా కూర్చున్నాడని అప్పుడు తోచలేదు. తరవాత తోచింది. తరవాత తోచడంలో మన చీపురాయనని మించినవాడు లేడు.

అత్తగారి నడిమధ్యలో గొలుసు ఊడిపోయింది. అన్న సైకిలు తలకిందులు చేసి, మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో గొలుసు పళ్ళ మీదికి ఎక్కించడం మొదలెట్టాడు. తాళాల్లో వెంట్రుకంత స్ప్రింగులు పట్టుకునే చేతులకి ఆ రోజు పట్టు చిక్కడం లేదు. గొలుసు ఎక్కడం, జారడం. బండి ఆగిన చోటికీ ఆ సైకిలుకీ మధ్య ఒక మంచం పట్టేంత దూరం ఉంది. తమ్ముడు వెనక్కి తిరిగి, దొంతర పైనున్న తువ్వాలొకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. దిగితే ఏమనాలి? తువ్వాలిచ్చి ఊరుకోవడం కుదరదు, ఏదో ఒకటి అనాలి. ఎక్కుతావా అంటే పద్ధతి తప్పినట్టు. ఆరేళ్ళ తరవాత అన్నని మొదటి మాటగా, నీవల్ల కాదులే అన్నట్టవుతుంది. టీచరమ్మ ఏడుపు గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, పిలిచి తెచ్చుకున్నాడు. ఈలోగా గొలుసు ఎక్కింది. అన్న నల్లగా అయిన చేతులు రోడ్డు పక్క గడ్డికి రాసుకుని, మిగిలింది ప్యాంటుకి తుడుచుకుని, సైకిలెక్కాడు. తువ్వాలు తమ్ముడి ఒళ్ళోనే ఉండిపోయింది.

తరవాత ఒకచోట హారన్ మీద చెయ్యి పెట్టాడు. చిన్నగా ఒక్కసారి మోగిస్తే పలకరించినట్టు ఉంటుందనుకున్నాడు. మళ్ళీ, తొందరపెట్టినట్టు ఉంటుందేమో అనుకున్నాడు. చెయ్యి తీసేశాడు.

ట్యాంకు కింద ఆఖరి నీళ్ళ బల్ల ఉంటుంది. దాన్ని చూసుకునే ఆవిడ బల్ల మడిచి, ఖాళీ సీసాలు సంచిలో వేసి, కారు డిక్కీలో సర్దుకుంటోంది. అన్న ఆమె ముందునుంచి మెల్లగా కొండ మొదలు దాకా పోయి, దిగి, సైకిలు స్టాండు వేసి, మైలురాయికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఈసారి మొహం బండి వైపే ఉంది. ఆ రోజుకి మొదటిసారి అన్న తమ్ముడి వైపు చూశాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఊరికే చూశాడు. తమ్ముడు అలవాటు ప్రకారం కిటికీలోంచి పక్కకి తిరిగాడు. అటుపక్క గోడ, గోడ మీద ట్యాంకు గురించి ఏదో హెచ్చరిక, దాన్ని అక్షరం అక్షరం చదివాడు.

నీళ్ళావిడ కారు వాళ్ళని దాటి ఆగింది. ఆమె కిటికీ దించి ఏ ఆలోచనా లేకుండా అడిగేసింది.

"ఎక్కండి అన్నయ్యా, నేనూ గేటుకేగా. సైకిలు డిక్కీలో సగం పట్టినా కట్టేద్దాం."

అన్న ఇంకొక్క క్షణం బండి వైపు చూసి, లేచి, సైకిలు తోసుకుంటూ ఆమె కారు దగ్గరికి వెళ్ళాడు. ఆమె చీపురు బండి వైపు చెయ్యి ఊపింది, ఈయన్ని నేను తీసుకెళ్తున్నానని. కారు వెళ్ళిపోయింది. రోడ్డు మీద ఊడవడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఖాళీ బండితో చీపురాయన ఆ కొండెక్కాడు. బండికి అదేం కష్టం కాలేదు.

ఆయన గేటు చేరేసరికి అన్న ఇంటికి వెళ్ళిపోయాడు. జరిగింది భార్యకి చెప్పాడు. ముక్కూమొహం తెలియని ఆవిడ అడిగింది, మీకు నోరు రాలేదా అంది. పద్ధతి గురించి చెప్పబోయాడు. ఆమె కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రేపు వెళ్తాను అని గోడకి చెప్పాడు.

ఆ రేపు చాలాసార్లు వచ్చింది. ఒకసారి నిజంగానే బయల్దేరాడు కూడా. ఆ రోజు ఒళ్ళో ఉండిపోయిన తువ్వాలు మడత విప్పకుండా పక్క సీటు మీద పెట్టుకుని అన్న షాపున్న వీధి మలుపు దాకా వెళ్ళాడు. షాపు ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. బేరాల వేళ ఎందుకులే అని తిరిగొచ్చేశాడు. ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్దామనుకున్నాడు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున అన్న షాపు షట్టరు ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. పక్క షాపువాళ్ళు ఆసుపత్రికి తెచ్చారు గానీ దారిలోనే అయిపోయింది. ఆ వేళకి చీపురాయన ఆసుపత్రి వెనక తలుపు దగ్గర దొంతరలు దించుతున్నాడు. ఎవరో వచ్చి, మీ అన్నగారట అన్నారు. వెళ్ళి చూస్తే, అన్న మీద కప్పిన దుప్పటి ముందురోజు తను దించినదే. అంచున చిరుగు మీద భార్య వేసిన కుట్టు గుర్తుపట్టాడు. దుప్పటి తీసి మొహం చూడ్డానికి కాసేపు పట్టింది. అన్నయ్యా అన్నాడు. ఆరేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట అంత తేలిగ్గా వచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరికీ వచ్చు.

జరగాల్సినవన్నీ జరిగిపోయాక, షాపు ఖాళీ చెయ్యడానికి వదినకి సాయం వెళ్ళాడు. మేకుల మీది తాళంచెవులు తీసి డబ్బాల్లో పోస్తుంటే, అన్న కూర్చునే చోటికి ఎదురుగా ఉన్న మేకుకి నంబరు గుడ్డ వేలాడుతూ కనబడింది. పిన్నీసులు కూడా దానికే ఉన్నాయి. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని అడిగాడు, ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నాడు వదినా అని. వదిన డబ్బా మూత పెట్టి ముక్కాలి పీట మీద కూర్చుంది.

"ఏమంటాడు, కాళ్ళు నొప్పులన్నాడు. వేణ్ణీళ్ళు పెట్టాను. అందులో కాళ్ళు పెట్టుకుని, వాడు రోజంతా నా వెనకే ఉన్నాడే అన్నాడు. మాట్లాడాడా అంటే లేదన్నాడు. ఎక్కుతావా అని ఒక్కసారి అడుగుతాడనుకున్నా, మొదటి కొండ దగ్గరే ఎక్కేద్దామనుకున్నా, అడగలేదు, సరే ఇంకో కొండ చూద్దామనుకున్నా అన్నాడు. అలా చూస్తూ చూస్తూ ట్యాంకు దాకా తొక్కాట్ట."

చీపురాయన అక్కడే గుమ్మం మీద కూర్చున్నాడు. అసలు తొక్కడానికి ఎందుకొచ్చాడు వదినా అన్నాడు.

"నువ్వు చివరివాళ్ళ వెనక వస్తావని మీ ఆవిడ చెప్పింది కదా. చివర పోవడానికి నాకు వేరే సాధన ఏం కావాలి అని నవ్వాడు. వాడి బండెక్కితే ఇంటి దాకా దింపక తప్పదుగా అన్నాడు."

"నేను ఎవర్నీ అడగను వదినా. ఎవర్నీ. అది నా పద్ధతి."

"నీ పద్ధతి ఆయనకేం తెలుసు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అంది. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి గురించి ఆసుపత్రిలో తోటమాలి దాకా అందరికీ తెలుసు, ఆ ఒక్క మనిషికి తప్ప. చెప్పడానికి ఆ మనిషితో మాటలు ఉంటే గదా. అన్న కొండ కొండకీ ఆగి ఎదురుచూశాడు, తను కొండ కొండకీ బ్రేకు మీద కాలు పెట్టి ఎదురుచూశాడు. ఇద్దరూ ఒకే మాట కోసం. దాని గురించి ఆయన ఇప్పటికీ లాండ్రీ దారిలో ఒక్కడే ఉన్నప్పుడు ఏడుస్తాడు. దుప్పట్ల మూటల మధ్య ఆ ఏడుపు ఎవరికీ వినబడదు. భార్యకి తెలుసు, కళ్ళు చూసి కనిపెడుతుంది, అడగదు.

మళ్ళీ ఏడాది తిరిగి చీపురు కట్టే రోజు వచ్చింది. ఈసారి రానని చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళండి, వెళ్ళకపోతే ఇంకా బాధపడతారు అని భార్యే పంపింది. ఆ ఏడు చివర మిగిలింది రైలు టికెట్ల కౌంటర్లో పనిచేసే ఒక అమ్మాయి. అరువు సైకిలు, సీటు ఎత్తు కుదరలేదు, అయినా పళ్ళు బిగించి తొక్కుతోంది. అత్తగారి మీద ఆమె గొలుసూ ఊడింది. ఆమె కింద కూర్చుని గొలుసుతో కుస్తీ పడుతుంటే చీపురాయన బండి ఆపి, ఈసారి తలుపు గడియ తీసి దిగాడు. నిరుటి నుంచీ పక్క సీటు మీదే ఉన్న తువ్వాలు పట్టుకుని వెళ్ళాడు. అలికిడికి ఆ అమ్మాయి తలెత్తి, ముందే అడ్డుపడింది.

"ఎక్కుతావా అని మాత్రం అడక్కండి బాబాయ్. నేను తొక్కుతాను."

"అడగనమ్మా. వెనకే ఉన్నాను, ఆ మాట చెబుదామని దిగాను."

ఆమెకి నవ్వొచ్చింది. తువ్వాలు మడత విప్పి చేతులు తుడుచుకుంది. తెల్ల తువ్వాలు నిండా నల్లటి వేళ్ళ గుర్తులు పడ్డాయి.

"మీరున్నారని తెలుసు కదా బాబాయ్. పొద్దున్నుంచీ బండి చప్పుడు వినబడుతూనే ఉంది."

"తెలుసులే అనుకునే ఒకసారి చెప్పలేదమ్మా."

ఎవరికి అని ఆమె అడగలేదు. తువ్వాలు తిరిగిచ్చి, సైకిలు నిలబెట్టి, రెండడుగులు తోసి ఎక్కింది. చీపురాయన ఆ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, ఆమె కాస్త ముందుకి పోయేదాకా రోడ్డు మీదే నిలబడి, అప్పుడు బండెక్కాడు.